బంతి ముట్టని చేతులు

అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టిన కొత్తలో నా కళ్లు బంతి వెంటే పరుగెత్తేవి. ఇప్పుడు గీత దగ్గర ఢీకొనే భారీ మనుషుల చేతులు చూస్తున్నాను. ఈ అలవాటు ఆరన్ డోనాల్డ్ ఆట చూశాక అబ్బింది.

అతను డిఫెన్సివ్ టాకిల్. అడ్డుగా నిలబడ్డవాళ్లను దాటుకుని, ఎదుటి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను, విసిరేలోపే పడగొట్టడం అతని పని. దాన్నే శాక్ అంటారు. అందుకు దొరికేది రెండు మూడు సెకన్లు. అడ్డుకునేవాడి చేతులు ఛాతీ మీద పడి పట్టు చిక్కిందా, ఇక కదలనివ్వడు. ఆ చేతులు పడకముందే వాటిని కొట్టి పక్కకు తోసెయ్యాలి, భుజం వంచి సందులోంచి దూరాలి. డోనాల్డ్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఆ స్థానానికి పొట్టి కిందే లెక్క. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2014 డ్రాఫ్ట్‌లో రామ్స్ జట్టు అతన్ని తీసుకునేసరికి 12 మంది పేర్లు అయిపోయాయి. పొట్టివాడు గనకే ఎదుటివాడి చేతుల కిందుగా చొచ్చుకుపోగలిగాడని నాకనిపిస్తుంది.

పిట్స్‌బర్గ్‌లో చిన్నప్పుడు తండ్రి తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి, ఇంటి కింది గదిలో బరువులు ఎత్తించేవాడు. పేరొచ్చాక కూడా సాధన ఆగలేదు. శిక్షకుడు నకిలీ కత్తులతో మీదికొస్తుంటే ఆ చేతులను తప్పించడం సాధన చేశాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో!

10 సీజన్లలో 111 శాక్‌లు. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి మూడుసార్లు. ఇద్దరేసి అతన్ని పట్టుకోవడానికి వస్తే, పక్కవాడికి దారి దొరికేది. ఆ మేలు శాక్‌ల పట్టికలో కనబడదు. 2023లోనూ ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్-ప్రో మొదటి జట్టులో ఉండి, 2024 మార్చిలో, 32 ఏళ్లకే ఆట మానేశాడు.

2022లో కప్పు తేల్చే ఫైనల్, సూపర్ బౌల్, చివరి నిమిషం. రామ్స్ 23, సిన్సినాటి 20. బంతి తమ దగ్గరే ఉండాలంటే సిన్సినాటికి నాలుగు ప్రయత్నాల్లోపు ఇంకొక్క గజం కావాలి. మూడో ప్రయత్నంలో బంతి పట్టుకుని దూసుకొచ్చినవాణ్ని డోనాల్డ్ అక్కడే ఆపేశాడు. నాలుగో ప్రయత్నంలో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరోను దొరకబుచ్చుకుని గిర్రున తిప్పాడు. బరో చేతిలోంచి బంతి ఎటో పోయి నేలపాలైంది. కప్పు రామ్స్‌దైంది.

ఆ రాత్రి ఉత్తమ ఆటగాడి బహుమతి రామ్స్ తరఫున బంతి పట్టిన కూపర్ కప్‌కు ఇచ్చారు. అతనూ గొప్పగా ఆడాడు. నన్నడిగితే మాత్రం అది డోనాల్డ్‌కే దక్కాల్సింది. ఆ చివరి రెండు ప్రయత్నాలూ ఒకసారి చూడండి, బంతిని వదిలేసి.