మడ్ మాయమైన లోతు

రాయదుర్గంలో మా ఆఫీసు కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నీళ్లకు కరిగి లోపల గుహ తొలవనిచ్చే రాయి కాదది. దాని మీద లేచిన అద్దాల మేడలో కూర్చుని నేను చేసే పనంతా సున్నపురాయితో. ఎక్కడో సముద్రం అడుగునో ఎడారి కిందో, ఒకప్పుడు నీళ్లు తొలిచిన సందుల్లో చమురు ఎంత ఉందో, ఎటు కదులుతుందో కంప్యూటర్‌లో నమూనా కట్టడం నా ఉద్యోగం.

వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి ఆమ్లమవుతుంది. సున్నపురాయిలో పగులు దొరికితే దాని గోడలను కరిగించుకుంటూ పోతుంది. కాస్త వెడల్పున్న పగులుకే ఎక్కువ నీరు, ఎక్కువ నీరు పారిన చోటే ఎక్కువ కరుగుదల. అలా కొన్ని దారులు గుహలవుతాయి, పక్కనున్న రాయి గట్టిగానే మిగిలిపోతుంది. దీన్నే కార్స్ట్ అంటారు. తర్వాత సముద్రం పైకొచ్చి, కొత్త పొరలు పేరుకుని ఆ నేలంతా లోతుకు కూరుకుపోతుంది. బరువుకు గుహల కప్పులు కూలతాయి. కూలిన రాళ్ల మధ్య ఖాళీలు, కప్పు పైన విచ్చుకున్న పగుళ్లు మిగులుతాయి. కోట్ల ఏళ్ల తర్వాత చమురు వేరే చోటునుంచి వచ్చి వాటిలో చేరుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లను బెలుం చూసి రమ్మంటాను. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, చదునైన పొలాల కింద, 3,229 మీటర్ల పొడవున సాగే గుహలవి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. 1980ల తొలినాళ్లలో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. వంగితేగానీ పోలేని ఇరుకు దారి, ఉన్నట్టుండి విశాలమైన గది, కింద పాతాళగంగ అనే చోట పారే నీరు. కానీ నేను చూసి రమ్మనేది గుహను కాదు, పైనున్న పొలాలను. ఆ చేలల్లో కళ్లు మూసుకుని ఒక బోరు వేస్తే గుహ తగలడం అదృష్టం; చాలాసార్లు గట్టి రాయే తగులుతుంది.

చమురు బావికీ అదే గతి. బావిలోంచి పైకి తీసిన రాతి కడ్డీ ముక్కను, అంటే కోర్‌ను, ప్రయోగశాలలో కొలుస్తాం. కానీ గుహ ఉన్న చోట కోర్ రాదు, విరిగిపోతుంది, జారిపోతుంది. చేతికొచ్చేదంతా గుహ లేని రాయే. దాని సగటు కట్టి పొరంతటికీ పూస్తే, ఆ నమూనాలో చమురు అసలు దారి ఉండదు. నేలలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులను చదివే సైస్మిక్ కొంత ఆదుకుంటుంది, అంతా చూపదు. సున్నపురాయిలో తరంగ వేగం సెకనుకు 6,000 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 200 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 50 మీటర్ల కంటే పలచటి వాటి పైఅంచునూ కిందిఅంచునూ విడదీయడం కష్టం. బెలుంలో మనం నడిచే దారి లాంటిది ఒంటరిగా చమురు పొరల లోతున ఉంటే తెరమీద దాని ఆకారం తేలదు. చైనా తారిమ్ బేసిన్‌లోని తాహె క్షేత్రంలో 5 కిలోమీటర్లకు పైగా లోతున ఉన్న గుహలు సైస్మిక్‌లో పూసలదండలా మెరుస్తాయి. అలాంటి వరం అన్ని చోట్లా దొరకదు.

గుహ దొరికితే ఏమవుతుందో మెక్సికో చూసింది. 1916లో సెర్రో అసుల్ 4వ నంబరు బావి రోజుకు సుమారు 2,60,000 పీపాల చమురు చిమ్మింది. కానీ చమురును అంత సులువుగా పంపే దారి వెనకున్న నీటినీ అంతే సులువుగా పంపుతుంది. కొన్నేళ్లలోనే ఆ ప్రాంతపు బావుల్లో ఉప్పునీళ్లు పడ్డాయి. 1974లో దొరికిన మన ముంబై హై చమురు క్షేత్రంలోనూ చమురున్న ప్రధానమైన పొర సున్నపురాయే. ఎల్-3 అనే ఆ పొరలోవి బెలుం అంత గుహలు కావు, చిన్న చిన్న గుల్లలు. ఆ రాయి కొంతకాలం సముద్రం పైకి తేలి వాననీటికి కరగడమూ వాటికి ఒక కారణం.

అందుకే నమూనాకు కూర్చునే ముందు, సైస్మిక్ కంటే ముందు, రిగ్ మీద రాసిన రోజువారీ నివేదికలు తెరవాలంటాను. బావి తొలిచేటప్పుడు లోపలికి పంపి తిరిగి పైకి రాబట్టే బురద ద్రవమే మడ్; గుహో పెద్ద పగులో తగిలితే అది అందులోకి పోయి వెనక్కి రాదు. డ్రిల్లింగ్ చేసేవాళ్లకు మడ్ పోవడమంటే ఖర్చు, ప్రమాదం. దాన్ని ఒక్క వాక్యంలో రాసి ముందుకెళతారు. మా వాళ్లలో చాలామంది దాన్ని డ్రిల్లింగ్ సమస్యగా చూసి పక్కన పెడతారు. అది నాకు బాధ కలిగిస్తుంది. కోర్ చెప్పలేని దానికి మనకు మిగిలిన సాక్ష్యాల్లో అది ముఖ్యమైనది. ఏ లోతున ఎన్ని పీపాల మడ్ వెనక్కి రాలేదు, రాయి తొలిచే బిట్ ఎన్ని అడుగులు ఒక్కసారిగా జారింది, ఎంత సిమెంట్ పోశాక మళ్లీ మడ్ పైకొచ్చింది: ఈ అంకెలను పోరాసిటీ (రాతిలో ఖాళీల నిష్పత్తి) సగటులో కలిపేయకుండా, పక్క బావుల అంకెలతో కలిపి, విడిగా ఒక పొరగా నమూనాలో పెట్టాలి.