కొండయా, పర్వతమా?



మన బడిపిల్లవానిని పిలిచి ఇంగ్లీషులో "హిల్" అనగా నేమని అడిగిన, "కొండ" అని చెప్పును. "మౌంటెన్" అనగా నేమని అడిగిన, "పర్వతము" అని చెప్పును. చిన్నది కొండ, పెద్దది పర్వతము. ఇది వాని లెక్క. నేనును చిన్ననాడు అట్లే నేర్చుకొంటిని. వేదాంత పాఠశాలలో చదివి, హెబ్రీ గ్రీకు మాటలు కొన్ని వంటబట్టిన తరువాత కూడ అట్లే బోధించితిని. ఆ లెక్క సరికాదని నాకు చూపినది అరకు లోయకు పైనున్న యొక పల్లెలోని ముసలి తల్లి.

ఆ దినమున సీనాయిని గూర్చి ప్రసంగించుచు గంటసేపు "పర్వతము, పర్వతము" అంటిని. కూటము ముగిసినది. ఆమె అరుగుమీద కూర్చుండి అడ్డాకులు కుట్టుకొనుచు నన్ను పిలిచి, "అయ్యగారూ, తమరు సెప్పిన ఆ పర్వతం ఏ దేశంలో ఉంటాది? మా కొండలాటిదేనా, మరోటా?" అని అడిగెను. "అమ్మా, అదియు కొండయే" అంటిని. ఆమె చేయి ఆపి, "మరి కొండని సెప్పకపోయారా? కొండంటే మాకు తెలుసు. సోళ్లు పండేది దాని మీదే గదా" అనెను. నాకు మారుమాట దొరకలేదు.

ఇంటికి వచ్చి ఆ మాటలను విచారించితిని. మొదట ఇంగ్లీషువారినే చూడుడి. స్కాట్లండులోని బెన్ నెవిస్ ఎత్తు 1,345 మీటర్లు. దానిని వారు మౌంటెన్ అందురు. మన దక్షిణమున నీలగిరిలోని దొడ్డబెట్ట ఎత్తు 2,637 మీటర్లు. ఆ నీలగిరిని వారు హిల్స్ అనిరి! మన తూర్పు కనుమలలోని అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. అదియు బెన్ నెవిస్ కంటె ఎత్తైనదే. కాబట్టి ఆ రెండు మాటల భేదము కొలబద్దలో లేదు. "హిల్" అనునది వారి యింటి పాత మాట. "మౌంటెన్" ఫ్రెంచివారి నుండి వారికి వచ్చిన మాట. మనకును అట్లే: కొండ అచ్చ తెలుగు, పర్వతము సంస్కృతము. ఒకటి ఇంటిది, రెండవది గ్రంథముది.

ఒకే అర్థము గల మాటలను పరీక్షించుటకు మంచి ఉపాయమొకటి కలదు. ఒకదానిని తీసి మరియొకదానిని ఆ చోట నిలుపవలెను. దీపము ఆరిపోయిన "కొండెక్కినది" అందుము. "పర్వతమెక్కినది" అన్నచో పిల్లలు నవ్వుదురు. బియ్యము ధర కొండెక్కును. ఆపదలో ఆదుకొన్న అన్నను "కొండంత అండ" అందుము. అలవాటుగా పలికినప్పుడు, ఏడ్చినప్పుడు, మెచ్చినప్పుడు నాలుకకు వచ్చునది కొండయే. పర్వతము గౌరవముగల అతిథివంటిది. పీటవేసి కూర్చుండబెట్టుదుము గాని, వంటింటిలోనికి రానియ్యము.

మరికొన్ని మాటలును ఉన్నవి. శృంగవరపుకోట నుండి అరకునకు పోవు ఘాట్ రోడ్డుమీద మూడు పేర్లు గమనించుడి: అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట. గిరి శ్లోకములలో వినబడు మాట. కొండ గాలికి ఎదురు నడిచినవాని మాట. మెట్ట రైతు మాట. నీరు పారని ఎత్తునేల యని దానిలోనే తెలియును. మూడును ఎత్తైన చోటులే, గాని పలికినవాడు ఎక్కడ నిలిచి చూచుచున్నాడో ప్రతి మాటయు చెప్పుచున్నది. "దూరపు కొండలు నునుపు" అను సామెత పల్లమున నిలిచినవానిది. కట్టెలమోపుతో దిగివచ్చువానికి ఏ కొండయు నునుపుగా నుండదు.

ఇంకను చూడుడి. ఈ శ్రేణి యంతటికి తూర్పు కనుమలు అని పేరు. కనుమ అనగా కొండల నడుమ దారి. దాటిపోవువాడు తాను దాటిన సందును చూచి మొత్తమునకు ఆ పేరు పెట్టినట్లున్నది. ఇచ్చట కాపురముండువారికి ఇది దారి కాదు, ఇల్లు. మన లోయలో ఆదివాసి ఒడియా మాటలాడువారు కొండను డొంగర్ అందురు. సరిహద్దు ఆవల నియమగిరిలోని డొంగ్రియా కోందులకు ఆ మాటనుండియే పేరు కలిగెను.

ఇప్పుడు మన తెలుగు బైబిలును ఈ దృష్టితో చూతము. దానిని తప్పుపట్టుటకు కాదు, బాగుగా చదువుటకే. యెషయా నలుబదియవ అధ్యాయములో, ఎత్తైనవన్నియు అణచబడునను చోట, పర్వతము కొండ అను జంట యున్నది. అదే ప్రవచనమును లూకా మూడవ అధ్యాయములో ఎత్తి చెప్పినప్పుడు, కొండ మెట్ట అను జంట యున్నది. ఒకచోట చిన్నదైన కొండ, రెండవచోట పెద్దదాయెను! ఇది అజాగ్రత్త యని కొందరందురు. నేనట్లు అనను. కొండ అను మాట రెండిటికిని చాలునంత వెడల్పుగలది. హెబ్రీలో "హర్" అను మాటయు అట్టిదే. మంచుగల హెర్మోను హర్, సీయోనును హర్. వారికి చిన్న కొండ "గిబియా". సౌలు ఊరి పేరు అదే.

రెండు జంటలలో లూకా జంటయే మేలైనదని నా అభిప్రాయము. కొండ, మెట్ట, పల్లము, ఇవన్నియు నాగలి పట్టినవాని మాటలు. వినువాడు నిఘంటువు తెరువ నక్కరలేదు. "కొండమీది ప్రసంగము" అను పేరు కూడ జనుల నోట నిలిచినది ఇందుచేతనే.

ఇది పండితుల తగవు మాత్రమే యైనచో మీకు వ్రాయకపోదును. ఆ తల్లి ప్రశ్నలో వేరొక నొప్పి యున్నది. సంతలో ఆమెను "కొండమనిషి" అని తక్కువగా పిలుచుట ఆమె విన్నది. గుడిలో దేవుడు దిగినది పర్వతము మీదనని నేనంటిని. అనగా తన కొండ హీనమైనది, దేవుని కొండ వేరు, అని ఆమెకు వినబడెను. సత్యమేమనగా, ఒలీవల కొండ సముద్రమట్టమునకు 830 మీటర్లైనను లేదు. అరకు లోయ నేలయే 900 మీటర్లకు పైగా నున్నది. ఆమె చోడి చేను ఇంకను పైనున్నది! కొండదొర అను జాతినామములో అదే కొండ దొరతనముతో కూడియున్నది. మాటలో హీనత లేదు. పలుకు నోటిలోనే యున్నది.

కాబట్టి, వాక్యము చదువు సహోదరులారా, అచ్చులో నున్నది ఉన్నట్లే చదువుడి. వివరించునప్పుడు మాత్రము కిటికీలోనుండి కనబడు దానిని చూపి, ఆ ఊరివారు దానికిపెట్టిన పేరుతోనే చెప్పుడి. గాలికొండయైతే గాలికొండ, డొంగరైతే డొంగర్.

నేను మరల ఆ పల్లెకు వెళ్లినప్పుడు నూట ఇరువదియొకటవ కీర్తన చదివితిని. దానిలో ఉన్నవి కొండలే. ఆ తల్లి వాకిలివైపు తిరిగి తన కొండను చూచెను. ఈసారి నన్ను ఏమియు అడుగలేదు.