మాడ్యూల్ మీద నేరం మోపే ముందు

పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో ఇష్టంగా నడుపుకునేవాళ్లు చాలామంది డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు, కండెన్సర్ తీయించేసి, మార్కెట్లో దొరికే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించుకుంటున్నారు. రోటర్ కింద ఇమిడిపోయే అయస్కాంతపు రింగు, దాని పక్కన ఓ చిన్న నల్లటి మాడ్యూల్, రెండు వైర్లు: అంతే సరంజామా. బండి చప్పున అంటుకుంటుంది, ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది, ఫీలర్ గేజ్ పట్టుకుని మాటిమాటికీ గ్యాప్ చూసుకునే పని తప్పుతుంది. ఎప్పుడో ఒకరోజు ఆ బండి నడిరోడ్డు మీద ఆగిపోతే మాత్రం, బానెట్ ఎత్తీ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది: కిట్ పోయింది. కొత్త కిట్ కొనడమో, పాయింట్లే నయమని మళ్లీ వాటినే బిగించడమో జరుగుతుంది. ఈ రెండూ తొందరపాటేనంటాను. మాడ్యూల్ ఒక్కటే కొత్తది. దానికి కరెంటు తెచ్చే వైరు, దాని ఎర్తు, దాని ఎదురుగా ఉన్న కాయిల్, ఇవన్నీ బండితోపాటు వయసు మళ్లినవి. వాటిని కొలిచి చూడకుండా దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

అనుమానం ముందుగా మాడ్యూల్ మీదికే ఎందుకు పోతుందో అర్థం చేసుకోవచ్చు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కార్లకు అమర్చిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతే దశాబ్దాల పాటు మన అంబాసిడర్ దాకా నడిచింది. అందులో తప్పు కంటికి కనిపిస్తుంది. పాయింట్ల మీద గుంటలు పడతాయి, నల్లబడతాయి. కామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి జరుగుతుంది, పికప్ తగ్గుతుంది. అంటే బండి కొన్నాళ్ల ముందే చెప్పి మరీ ఆగేది. మాడ్యూల్ అలా కాదు. బాగున్నప్పుడూ పాడైనప్పుడూ చూడ్డానికి ఒకేలా ఉంటుంది. కంటితో చూసి రోగం పట్టడానికి అలవాటు పడ్డ చేతికి అది మూగవస్తువు, కాబట్టి దోషం దాని నెత్తినే పడుతుంది.

అసలు తేడా ఇంకా లోతుగా ఉంది. పాయింట్లు ఉత్త స్విచ్, పనిచేయడానికి వాటికంటూ వోల్టేజీ అక్కర్లేదు. మాడ్యూల్‌కు కావాలి. మూడు ఓమ్‌ల కాయిల్‌కు 12 వోల్టులు సరిగ్గా అందితే నాలుగు ఆంపియర్లు పారుతుంది. ఇగ్నిషన్ స్విచ్‌లోనో, ఫ్యూజ్ బాక్స్ దగ్గర పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్‌లోనో అర ఓమ్ అడ్డుపడిందనుకోండి, అక్కడే దాదాపు 1.7 వోల్టులు పోతాయి. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఎలాగూ పది వోల్టుల దాకా దిగుతుంది. ఇక మిగిలేది ఎనిమిది చిల్లర. సెల్ఫ్ కొట్టినంతసేపూ అంటుకోకుండా, కీ వదిలే క్షణాన ఒక్కసారి దగ్గి ఆగే బండిలో మొదట అనుమానించాల్సింది దీన్నే. మోసం ఎక్కడంటే, కరెంటు పారనప్పుడు కొలిస్తే ఆ చిలుము కనెక్టర్ కూడా నిండుగా 12 చూపిస్తుంది. లోడ్ మీద కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ఎర్తుదీ ఇదే కథ. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో కదిలే ప్లేటును బాడీకి కలిపే వేలెడంత మెత్తటి వైరొకటుంటుంది. వాక్యూమ్ అడ్వాన్స్ లాగినప్పుడల్లా అది వంగుతుంది, ఏళ్ల తరబడి వంగి వంగి పైతొడుగు లోపలే పోగులు తెగుతాయి. ఐడ్లింగ్‌లో బండి బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే మిస్సింగ్. మాడ్యూల్ ఎర్తు ఆ ప్లేటు మీదే ఆధారపడితే, ఎన్ని మాడ్యూళ్లు మార్చినా ఆ మిస్సింగ్ పోదు.

ఇంత కొలతల గొడవెందుకు, కొత్తది పెట్టి చూస్తే తేలిపోదా అని మెకానిక్‌లు అడుగుతారు. పూటకు నాలుగు బండ్లు చూడాల్సిన మనిషి అడిగే న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడ తేలేది ఏమీ ఉండదు. కొత్తది బిగించేటప్పుడు స్క్రూలు ఊడతాయి, ప్లేటు శుభ్రమవుతుంది, కాయిల్ మీది కనెక్టర్లు తీసి పెడతారు, రోటర్ కూడా కదులుతుంది. బండి అంటుకుంటే వీటిలో ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? పైగా అసలు కారణం కాయిల్ అయితే? బలాస్ట్ రెసిస్టర్‌తో వాడాల్సిన ఒకటిన్నర ఓమ్ కాయిల్‌ను నేరుగా 12 వోల్టులకు కలిపితే ఎనిమిది ఆంపియర్లు పారుతుంది. మూడు ఓమ్‌ల కాయిల్‌కు సరిపోయే మాడ్యూల్ ఆ వేడికి మాడుతుంది, దాని స్థానంలో వచ్చిందీ మాడుతుంది. పాతదానితోపాటు కొత్తదాన్ని కూడా నాసిరకమని తిట్టుకుంటాం.

మన ఎండలు ఈ చిక్కును ఇంకా పెంచుతాయి. మే నెల మధ్యాహ్నం బెజవాడ దారిలో బండి ఆగితే, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగడం పాత డ్రైవర్ల పద్ధతి. వేపర్ లాక్‌కు అది మంచి మందు. కానీ ఆ పది నిమిషాల్లో కాయిలూ చల్లబడుతుంది, మాడ్యూలూ చల్లబడుతుంది. బండి కదిలినంత మాత్రాన తప్పు పెట్రోల్‌ది అని రుజువు కాదు. వేడిగా ఆగిన ఆ క్షణంలోనే కాయిల్ నుంచి క్యాప్‌కు వెళ్లే మధ్య వైరు తీసి, ఇన్సులేట్ చేసిన పటకారతో ఇంజన్ బాడీకి దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించాలి. నీలం స్పార్క్ గట్టిగా వస్తే మాడ్యూల్ నిర్దోషి. అప్పుడు రోటర్, క్యాప్, పెట్రోల్ వైపు చూడాలి. చల్లారాక చేసే పరీక్ష దేనికీ కొరగాదు.

మాడ్యూళ్లు పాడవవని నేననడం లేదు. వైర్లు తిరగేసి కలిపితే వెంటనే పోయేవున్నాయి, ఇంజన్ ఆగి ఉండగా కీ ఆన్‌లో వదిలేస్తే వేడెక్కి చచ్చేవున్నాయి. అందుకే పాత పాయింట్ సెట్టూ కండెన్సరూ డిక్కీలో ఉంచుకోమనేవారి మాట సబబే, ఇల్లు చేరడానికి అవి కావాలి. అయితే పాయింట్లతో నడిచింది కాబట్టి మాడ్యూల్ పోయినట్టే అన్న తర్కం నిలవదు. ఎనిమిది వోల్టులతో, అంతంతమాత్రం ఎర్తుతో పాయింట్లు ఎలాగో నెట్టుకొస్తాయి, మాడ్యూల్ నెట్టుకురాలేదు. దాన్ని పారేయాలంటే ముందు లోడ్ మీద వోల్టేజీ నిండుగా ఉందని, ఎర్తులో పడే నష్టం వోల్టులో అయిదో వంతు మించలేదని, కాయిల్ ఓమ్‌లు కిట్‌తో వచ్చిన కాగితంలో రాసినట్టే ఉన్నాయని తేలాలి. ఆ తర్వాత బ్యాటరీ ప్లస్‌కూ కాయిల్ మైనస్‌కూ మధ్య టెస్ట్ లాంప్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఇవన్నీ సరిగ్గా ఉండీ లాంప్ మినుకుమినుకుమనకపోతే, అప్పుడు మాడ్యూల్ మార్చండి.