‘చివరకు మిగిలేది’లో నర్సుకు జీతమెంత?

పోయిన వేసవిలో అమ్రాబాద్‌లో మా చిన్నమ్మతో కలిసి ‘చివరకు మిగిలేది’ చూశాను. బుచ్చిబాబు నవల కాదు, 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన సినిమా. రెండింటికీ పేరు తప్ప చుట్టరికం లేదు. చిన్నమ్మ ఆశ కార్యకర్త. నా ఫోన్‌లో సినిమా, పక్కన ఆమె ఫోన్. గంటలో మూడుసార్లు అది మోగింది, మూడుసార్లు సావిత్రి ఆగిపోయింది. మూడోసారి ఫోన్ పెట్టేసి చిన్నమ్మ అడిగింది: “ఈ పిల్లకు నెలకెంతిస్తరే? రాత్రి డ్యూటీకి అలగ్ ఇస్తరా?”

నేను నవ్వాను. తర్వాత సిగ్గేసింది. నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో ఈ సినిమా మీద పదకొండు పేజీలున్నాయి. సావిత్రి చూపు గురించి, మౌనం గురించి, స్త్రీ త్యాగాన్ని కీర్తించే పితృస్వామ్యం గురించి రాశాను. నర్సు అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. జీతం అనే మాట ఒక్కసారీ లేదు.

కథ చాలామందికి తెలిసిందే. 1959లో సుచిత్రాసేన్ నటించిన బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’ దీనికి మూలం. 1969లో హిందీలో ‘ఖామోషీ’గా వచ్చింది. మానసిక చికిత్సాలయంలో పెద్ద డాక్టరు ఒక కొత్త పద్ధతి కనిపెడతాడు. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన మగ రోగికి నర్సు ప్రేమ నటించాలి. రోగి కోలుకుంటాడు, తన దారిన వెళ్ళిపోతాడు. ఆమె నటన మాత్రం నటనగా మిగలదు. ఆ గాయం ఆరకముందే ఇంకో రోగిని అప్పగిస్తారు. మొదట వద్దంటుంది, తర్వాత ఒప్పుకుంటుంది. చివరికి అదే ఆసుపత్రిలో రోగి అవుతుంది.

దీన్ని మనం విఫల ప్రేమకథగా చదివాం. చిన్నమ్మ ప్రశ్న విన్నాక మళ్ళీ చూస్తే నాకిది పనిలో జరిగిన ప్రమాదంలా కనిపించింది. పద్ధతి డాక్టరుది, పేరూ డాక్టరుదే. ఆ పద్ధతికి ముడిసరుకు నర్సు మనసు. ఆమెకు సెలవు ఇవ్వాలనీ, ఈ పని ఇంకొకరికి పంచాలనీ ఎవరికీ తోచదు. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’ రాసి, విమానాల్లో అమ్మాయిల చిరునవ్వు కూడా శ్రమేనని చెప్పింది. అంతకు ఇరవై మూడేళ్ళ ముందే తెలుగు తెర దాన్ని చూపించింది. చూపించి, వెంటనే దాచేసింది కూడా. ప్రేమను ఆమెకు డ్యూటీగా వేశారని నిజాయితీగా చెప్పిన సినిమా, ఆమె కూలిపోయేసరికి అది ఆడమనసు బలహీనత అన్నట్టు కన్నీళ్ళు పెట్టిస్తుంది. విమర్శకులం మనం ఆ కన్నీళ్ళ వెంటే పోయాం. (ఇందులో తొలిసారి తెరకెక్కిన ప్రభాకర్ రెడ్డిది నల్గొండ వైపు తుంగతుర్తి. ఆయన స్వయంగా ఎంబిబిఎస్ చదివిన డాక్టరు. ఈ సినిమాలో ఒక డాక్టరు వేషం వేయడం నాకు ముచ్చటగానే ఉంటుంది.)

చిన్నమ్మ పనిలోనూ ఈ నటన ఉంది. పెంటల నుంచి వచ్చే చెంచు గర్భిణికి పెద్దాసుపత్రి అంటే భయం. “నేను నీ అక్క లెక్క, పక్కనే ఉంట” అని చెప్పి బండెక్కిస్తుంది. అది అబద్ధం కాదు. రాత్రంతా వరండాలో కూర్చుంటుంది, పడుకోవడానికి ఆమెకు చోటుండదు. కానీ డబ్బు అక్కతనానికి రాదు, రిజిస్టరులో ఎక్కిన కాన్పుకు వస్తుంది.

ఇక్కడ సాహిత్యం చదివినవాళ్ళం చేయాల్సిన పని ఒకటుంది, ప్రభుత్వ భాషను చదవడం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆశను ఉద్యోగి అనలేదు, ‘స్వచ్ఛంద కార్యకర్త’ అన్నారు. ఆమెకిచ్చేది జీతం కాదు, ‘పారితోషికం’. పారితోషికం అంటే సంతోషించి ఇచ్చేది. సంతోషం ఇచ్చేవాడి ఇష్టం. 2015లో తెలంగాణ ఆశలు వంద రోజులు దాటి సమ్మె చేసింది ఈ మాట మీద కూడా. 2022 జనవరిలో వాళ్ళకిచ్చేది 7,500 నుంచి 9,750 రూపాయలైంది. ఆ మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశలకు అవార్డు ప్రకటించింది. అవార్డొచ్చిన సంగతి చిన్నమ్మకు నేనే చెప్పాను.

ప్రైవేటులో మాటలు వేరు. అక్కడ ‘సిస్టర్’. చిన్నమ్మ కూతురు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. దాని పేరు రాయను. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు. మానేస్తే డబ్బు కట్టాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000కు తగ్గకూడదనీ సిఫారసు చేసింది. చెల్లెలికి ఆ కాగితం చూపించాను. చదివి ఫోన్ తిరిగిచ్చేసింది.

నర్సు తన ఆసుపత్రిలోనే రోగి కావడం సినిమా కల్పన అనుకోలేం. 1973 నవంబరులో ముంబయి కెఇఎం ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకున్న అరుణా షాన్‌బాగ్ బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌లోకి వెళ్ళింది. అక్కడే పనిచేసే వార్డుబాయ్ ఆమె మీద దాడి చేశాడు. 2015 మేలో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, ఆమె అదే ఆసుపత్రిలో రోగి. తరాలు మారుతూ ఆమెను కళ్ళలో పెట్టుకుని చూసింది ఆ నర్సులే. మనం వాళ్ళ సేవానిరతిని పొగిడాం. బట్టలు మార్చుకోవడానికి సరైన గది ఎందుకు లేదన్న ప్రశ్న ఆ పొగడ్తల్లో వినపడలేదు.

ఆ రాత్రి సినిమా పూర్తి కాలేదు. నాలుగో ఫోన్‌కు చిన్నమ్మ టార్చి, రిజిస్టరు తీసుకుని వెళ్ళిపోయింది. తెల్లారి తిరిగొచ్చి చాయ్ తాగుతూ, “ఆఖరికి ఆ పిల్ల ఏమైందే?” అని అడిగింది. మతి తప్పిందనీ, అదే వార్డులో చేర్చుకున్నారనీ చెప్పాను.

చిన్నమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గ్లాసు కింద పెట్టి అడిగింది: “మరి ఆమె డ్యూటీ ఎవరికేసిన్రు?”