చావున్నవాళ్ళ పక్షం

ముందుమాటలు రాయడం మానేసి చాలా కాలమైంది. ఈ పుస్తకం రాతప్రతి చదివాక ఆ పట్టు సడలింది. రాసినది శాంటా క్లారాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. పగలు చిప్పుల డిజైన్ ఉద్యోగం, రాత్రిళ్ళు టోల్కీన్. ఎల్ఫులకూ మనుషులకూ మధ్య నడిచిన స్నేహాలు, వియ్యాలు, ఎడబాట్ల మీద తెలుగులో ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం నా కంటపడలేదు.

టోల్కీన్ కథల్లోని ఎల్ఫులను ఎరగనివారికి రెండు ముక్కలు. వాళ్ళకు జబ్బు చెయ్యదు, ముసలితనం రాదు. కత్తిపోటుకో తీరని శోకానికో తప్ప ప్రాణం పోదు. మనుషులు వాళ్ళకంటే వెనక పుట్టి, ముందు వెళ్ళిపోతారు. 1954–55లో వచ్చిన అతని 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఎల్ఫు కన్య అర్వెన్ మనిషైన ఆరగోర్న్‌ను పెళ్ళాడి చావును కూడా వరించడానికి వెనక ఉన్న చిక్కు ఇదే.

రచయిత్రి కథంతా ఫిన్రోడ్ అనే ఎల్ఫు రాజు చుట్టూ నడిపింది. తూర్పు నుంచి వచ్చిన మనుషులు కాపలా కూడా పెట్టుకోకుండా నిద్రపోతుంటే, అతను మధ్యకు వచ్చి కూర్చుని, వాళ్ళ మోటు హార్ప్ ఒకటి తీసి వాయించాడు. మేలుకున్న ప్రతివాడూ కల అనుకున్నాడు. సుమారు నూరేళ్ళ తర్వాత ఆ తెగ ఆడపడుచు ఆండ్రెత్‌కూ అతనికీ చావు గురించి పెద్ద వాదం జరుగుతుంది. టోల్కీన్ పోయిన 20 ఏళ్ళకు, 1993లో 'మోర్గాత్స్ రింగ్' సంపుటంలో అచ్చయిన సంభాషణ అది. ఆండ్రెత్ పడుచుతనంలో ఫిన్రోడ్ తమ్ముణ్ణి ప్రేమించింది. అతనూ ప్రేమించాడు, అయినా విడిచి వెళ్ళాడు. అతని యౌవనం చెక్కుచెదరలేదు, ఆమెకు వయసు మళ్ళుతోంది. ఫిన్రోడ్ ఎంత ఓదార్చినా ఆమె తగ్గదు. ఈ పుస్తకంలో ప్రాణం పోసుకున్న అధ్యాయం ఇదే.

దాని పక్కనే రచయిత్రి పెద్దన 'మనుచరిత్ర'ను నిలబెట్టింది. అక్కడ పాత్రలు తారుమారు. అచ్చర వరూధిని వెంటపడుతుంది, మానవుడు ప్రవరుడు వద్దంటాడు. మంచుకు పాదలేపం కరిగిపోయి దారి తప్పినవాడికి తల్లిదండ్రులు, అగ్నిహోత్రం, ఇల్లు తప్ప మరేదీ పట్టదు. రచయిత్రి అతణ్ణి రాతిగుండెవాడంది. అక్కడ నాకు పేచీ ఉంది. కొద్దిపాటి ఆయుష్షు ఉన్నవాడు దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తనే తేల్చుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేముంది? స్వయంవరంలో దమయంతి చేసిందీ అదే. రెప్ప వాల్చని, చెమట పట్టని, కాళ్ళు నేలకు తగలని నలుగురు దేవతలను దాటి, దండ వాడి, ఒంటికి దుమ్ము అంటిన నలుణ్ణి ఎంచుకుంది. టోల్కీన్ కథల్లో మనిషిని ప్రేమించిన మరో ఎల్ఫు కన్య లూథియన్, అర్వెన్ అమరత్వం వదులుకున్నందుకు లోకం వాళ్ళను కీర్తించింది. వదులుకోవడానికి అంత సంపద లేని ప్రవరుడికీ ఆండ్రెత్‌కూ ఆ గౌరవం దక్కలేదు. ఈ పుస్తకం ఆండ్రెత్‌కు దాన్ని దక్కించింది. రెండో ముద్రణలో ప్రవరుడికీ దక్కిస్తే సంతోషిస్తాను.

చివరి అధ్యాయం సొంత ఊరికి తిరుగుతుంది. 1777లో స్పెయిన్ ఫ్రాన్సిస్కన్ ఫాదరీలు ఇక్కడ స్థాపించిన శాంటా క్లారా మిషన్ ఇప్పుడు యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ఇలాంటి మిషన్లలో ఇక్కడి ఆదివాసులైన ఓలోనీ జనం కొత్తవాళ్ళు తెచ్చిన రోగాలకు పెద్ద సంఖ్యలో బలయ్యారు. ఫిన్రోడ్ మర్యాద చరిత్రలో ఎంత అరుదో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఆమెకు అక్కర్లేకపోయింది. కథల మీద మోజుతో చరిత్రను మరవని ఈ నిగ్రహం చాలామంది పండితుల్లోనూ చూడలేదు.

ఒక్క లోటు చెప్పాలి. ఎల్ఫులూ మనుషులూ కలిసిన వంశాల్లో పుట్టిన పిల్లల సంగతి మూడు పేజీల్లో తేల్చేసింది. ఎల్రోండ్ ఎల్ఫుల దారి, అతని తోడబుట్టిన ఎల్రోస్ మనుషుల దారి పట్టారు. ఎటు చెందాలో తేల్చుకునే భారం పిల్లల మీద పడటమంటే ఏమిటో ఈ ఊళ్ళో పెరిగిన రచయిత్రికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దాని మీద విడిగా ఒక పుస్తకమే రాయాలి.

టోల్కీన్ చదివినవాళ్ళు పెద్దన కోసం, పెద్దన చదివినవాళ్ళు టోల్కీన్ కోసం ఈ పుస్తకం కొనండి. చదివి, మీ ఇంట్లో పిల్లల చేత చదివించండి. రచయిత్రికి నా ఆశీస్సులు.

శాంటా క్లారా, కాలిఫోర్నియా