రోగి చావకపోతే కథ ముగియదా?

ప్రగతిశీల కథలో రోగికి ఇంతవరకు రెండే దారులున్నాయి. ఒకటి చావడం. రెండోది మంచి డాక్టరు చేతిలో పడి బతకడం. మొదటిది వ్యవస్థ మీద అభియోగపత్రం, రెండోది మనిషి మీద నమ్మకం. రెండింటికీ మన సాహిత్యంలో గౌరవప్రదమైన చరిత్ర ఉంది, కాదనను. కానీ ఇటీవల ఒక కథా కార్యశాలకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చిన మూడు కథలు వరసగా చదివినప్పుడు ఈ దారులు ఎంత ఇరుకైపోయాయో తెలిసింది. మూడింటిలోనూ వస్తువు ఒకటే: హెపటైటిస్ సి చికిత్స. రచయితల పేర్లు చెప్పను. ఇక్కడ నేను పట్టించుకునేది వాళ్ల లోపాలను కాదు, మనందరి అలవాట్లను.

భూపాలపల్లి కథలో ప్రధాన పాత్ర బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. నడుం నొప్పికి ఏళ్ల తరబడి ఊళ్లో ఆరెంపీ దగ్గర సూదులు వేయించుకున్నాడు. ఆ సూది అంతకుముందు ఎందరిని పొడిచిందో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత రక్తపరీక్షలో వైరస్ బయటపడుతుంది. ఇంతవరకు కథ జీవితంలోంచి నడిచింది. పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ ఉన్న తేడాను రచయిత రెండు వాక్యాల్లో చూపించాడు. ఆ నేర్పు అందరికీ ఉండదు. కానీ రెండో నెల గోలీలు మింగుతుండగానే ఒక వానరాత్రి ఆ మనిషి చనిపోతాడు. ఎందుకు చనిపోయాడు? కాలేయం అప్పటికే గట్టిపడిపోయిందా? క్యాన్సరు వచ్చిందా? రెండూ జరగగలవే. కానీ కథలో అందుకు ఆధారం లేదు. ఈ గోలీలు పూర్తిగా వాడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వైరస్ పోతుంది. ఆ సంగతి రచయితకూ తెలుసు. మరి చంపడమెందుకని అడిగితే అతను దాచుకోకుండా చెప్పాడు: ‘బతికిస్తే ప్రభుత్వానికి ప్రచారం చేసినట్టవుతుంది కదా సార్.’

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందు ఉచితం. పేదవాడికి ఉచితంగా మందు దొరకడం, దానితో రోగం తగ్గడం వాస్తవం. ఆ వాస్తవం తన దృక్పథానికి అడ్డం వస్తుందని భయపడి రచయిత వాస్తవాన్నే చంపేశాడు. దృక్పథం అంత బలహీనమైనదైతే అది వానలో ఒక శవం మీద ఎంతకాలం నిలబడుతుంది?

లూషున్ 1919లో ‘మందు’ అనే కథ రాశాడు. క్షయ పట్టిన కొడుకు కోసం తల్లిదండ్రులు తలారి దగ్గర రొట్టె కొంటారు. శిరచ్ఛేదం పొందిన ఒక విప్లవకారుడి నెత్తుట్లో ముంచిన రొట్టె అది. పిల్లవాడు బతకడు. చివర ఇద్దరు తల్లులు పక్కపక్క సమాధుల దగ్గర కలుస్తారు. విప్లవకారుడి సమాధి మీద ఒక పూలదండ ఉంటుంది. ఆ దండ కథ సహజంగా తెచ్చింది కాదనీ, ఉద్యమ సేనానులు నిరాశను ఒప్పుకోరు కాబట్టి తానే తెచ్చిపెట్టాననీ లూషున్ తర్వాత తన ముందుమాటలో ఒప్పుకున్నాడు. అంత పెద్ద రచయిత బయటి ఒత్తిడికి ఆశను అతికించాడు. మన భూపాలపల్లి మిత్రుడు అదే ఒత్తిడికి చావును అతికించాడు. వేరుగా కనిపించినా రెండు అతుకులూ ఒకే జాతివి. తేడా ఏమిటంటే లూషున్‌కు తన అతుకు సంగతి తెలుసు.

వ్యవస్థను విమర్శించడానికి చావు అవసరం లేదు, మందు ధర చరిత్ర చాలు. ఈ వైరస్‌ను గుర్తించింది 1989లో. చాలాకాలం వైద్యమంటే ఇంటర్ఫెరాన్ సూదులు, రైబవిరిన్ బిళ్లలు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జ్వరం, నీరసం, మనసు కుంగిపోవడం. ఇంతా చేసి చాలామందికి తగ్గేదే కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. గిలియడ్ కంపెనీ పెట్టిన ధర 84 రోజులకు 84 వేల డాలర్లు, అంటే గోలీకి వెయ్యి డాలర్లు. మన దేశంలో ఆ పేటెంటును వ్యతిరేకించిన వాటిలో హైదరాబాదు కంపెనీ నాట్కో ఒకటి. 2015 జనవరిలో పేటెంటు ఆఫీసు గిలియడ్ దరఖాస్తు ఒకదాన్ని తిరస్కరించింది. అదే మార్చిలో నాట్కో ఆ గిలియడ్‌తోనే లైసెన్సు ఒప్పందం చేసుకుని, 28 గోలీల సీసాను 19,900 రూపాయల ధరకు బజారులోకి తెచ్చింది. (జాతీయ బూర్జువానా, దళారీనా అని రాత్రంతా వాదించుకునే మిత్రులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.) మూడు సీసాలకు దాదాపు 60 వేలు. అమెరికా ధరతో చూస్తే చిల్లర. మిర్చి ఏరే కూలీకి చూస్తే ఎన్ని సీజన్లు? మూడేళ్లకు ఉచితం. అంటే ఒకే గోలీకి అయిదేళ్లలోపు మూడు ధరలు. ఈ మూడు ధరల మధ్య ఎంతమంది కాలేయాలు గట్టిపడ్డాయో, ఆ లెక్కలో కథ ఉంది. మన రచయిత దాన్ని ముట్టుకోలేదు.

జనగామ కథ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డయాలసిస్ మీద ఉన్న యువకుడికి హెపటైటిస్ సి సోకుతుంది, యువ డాక్టరు ధైర్యం చెబుతాడు, తగ్గిపోతుంది, చివరి పేజీలో అందరూ నవ్వుతారు. ఆస్పత్రి గోడ మీద అంటించుకోవచ్చు. అయితే ఆ రచయిత ఒక కొత్త విషయం పట్టుకున్నాడు, అది మెచ్చుకోవాలి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. రోగిని బండిలో వేసుకుని వరంగల్ ఎంజీఎంకు పరుగెత్తే పాత సన్నివేశం ఇక అలవాటుగా రాయడానికి వీల్లేదు. దూరం ఎక్కడ తగ్గిందో, ఎక్కడ తగ్గలేదో చూసి రాయాలి.

నిజానికి ఈ రోగం మన వాస్తవికతా పద్ధతికి లొంగదు. క్షయ కంటికి కనిపిస్తుంది: దగ్గు, రుమాలు మీద నెత్తురు. హెపటైటిస్ సి ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు చేయదు. చాలామందిలో పసిరికలు కూడా కనిపించవు. పైకి కనిపించనిదాన్ని చూపించడం మనకు అలవాటు లేదు. చైతన్య స్రవంతి అనగానే మనవాళ్లలో చాలామందికి అనుమానం. నాకూ ఉండేది. కానీ జనగామ ప్రాంతపు వావిలాలలో పుట్టిన నవీన్ 1969లోనే ‘అంపశయ్య’లో ఒక పేద విద్యార్థి ఒక్కరోజు మనసును నవలంతా పరిచాడు. ఎదురుచూసే మనిషికి కాలం ఎలా గడుస్తుందో రాయాలంటే ఆ నవలను పక్కన పెట్టుకోవలసిందే.

మానుకోట కథ ఈ కష్టాన్ని దాటింది. రాసిన అమ్మాయి బీఎడ్ విద్యార్థిని. కథలో తండా స్త్రీకి పాతికేళ్ల కింద కాన్పులో రక్తమెక్కించారు. ఆ రోజుల్లో దానం చేసిన రక్తానికి ఈ పరీక్ష లేదు. ఇప్పుడు రోగం బయటపడ్డాక అత్త ఆమె గ్లాసు వేరు పెట్టింది. తిండి వల్లా, తాకడం వల్లా ఇది అంటదని దవాఖానలో చెప్పారు. అత్త వినలేదు. ఆమె రోజుకో గోలీ మింగి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. కోడలు ఏదో లెక్క రాస్తున్నదని అత్త అనుకుంటుంది. 84 గీతలయ్యాయి. అసలు కథ అక్కడ మొదలవుతుంది. వైరస్ పూర్తిగా పోయిందో లేదో తేల్చే పరీక్షకు ఇంకా 12 వారాలు ఆగాలి. గోలీ ఉన్నన్నాళ్లు ఆశకు రోజూ ఒక పని ఉంది. ఇప్పుడు మింగడానికేమీ లేదు, గీయడానికేమీ లేదు. మిర్చి ఏరుతూ ఆమె ప్రతి అలసటనూ అనుమానిస్తుంది. ఇది ఎండదా, దానిదా? టాల్‌స్టాయ్ ఇవాన్ ఇల్యీచ్ కూడా ఇలాగే నొప్పిని చెవి పెట్టి వింటాడు. కాకపోతే అతనికి సెలవుంది, ఈమెకు కూలి పోతుంది.

కథ రిపోర్టు రాకముందే ఆగిపోతుంది. ఆగేముందు ఆమెకు దవాఖానలో ఒక మాట చెబుతారు: వైరస్ పోయినా యాంటీబాడీ రక్తంలో ఉండిపోతుంది, కార్డు పరీక్షలో ఎప్పుడు చూసినా పాజిటివ్ అనే వస్తుంది. ఆమె ఇంటికొచ్చి గ్లాసు వంక చూస్తుంది. రిపోర్టు ఏమని వచ్చినా గ్లాసు సంగతి తేల్చేది అత్త.

కార్యశాలలో ఈ కథకు ముగింపు లేదని అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. బాధితురాలిగా మిగిలిపోయిందని, చైతన్యం పొందలేదని గట్టిగానే అన్నాను. తప్పు. మందు కనిపెట్టడం ఒకటి, అది మనిషికి చేరడం ఇంకొకటి, చేరాక ఆ మనిషి మళ్లీ మనుషుల్లో కలవడం మరొకటి. మందు ఉన్న రోగంతోనే అలిశెట్టి ప్రభాకర్‌ను 1993లో పోగొట్టుకున్నాం. అప్పుడు క్షయకు మందులు లేక కాదు. మూడో దూరాన్ని ఈ అమ్మాయి చూసింది, నేను చూడలేదు. మన వైపు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరు పెట్టుకున్నాం. కవి పేరున్న చోట చదివే డాక్టర్లకు మన కథలు ఏం చెబుతున్నాయని అడిగితే, ఈ ఒక్క కథ తప్ప చూపించడానికి నా దగ్గర లేదు.

ఒక్క సవరణ చెప్పాను. రెండో పేజీలో డాక్టరు చేత పేటెంట్ల గురించి పేజీన్నర ప్రసంగం చేయించింది. ఓపీలో అంత తీరిక ఏ డాక్టరుకూ ఉండదు. అది తీసేసి, ధరలు ఆమె ఖాళీ సీసాల మీద చదువుకునేలా చేస్తే చాలు. చివరి పేజీ అలాగే ఉంచమన్నాను.