రెండంగుళాలు వదిలే చేయి

జీడిమెట్ల అనగానే ఎవరికైనా పారిశ్రామికవాడే గుర్తొస్తుంది. అక్కడి నుంచి మేడ్చల్, శామీర్‌పేటల వైపు వెళ్తే ఎర్ర చల్కలు కనిపిస్తాయి. నీరు నిలవని ఆ నేల లూసర్న్ అనే పశుగ్రాసానికి అనువైనదే, బోరు సహకరిస్తే. బాగా సాగిన లూసర్న్ మడిలో నేను ముందు చూసేది ఏపుగా పెరిగిన ఆకును కాదు, కోసి వదిలిన మొదళ్లను.

ఎందుకంటే ఈ గడ్డి పనితనమంతా కోతలో ఉంది. అక్టోబరు, నవంబరుల్లో చల్లితే మొదటి కోతకు రెండు నెలలు పడుతుంది. తర్వాత నెలకోసారి వస్తుంది. పదిలో ఒక మొక్క ఊదా పూత చూపినప్పుడు కొడవలి దించాలి. ఆశపడి ముందే కోస్తే వేరు నిల్వలు కూడబెట్టుకోదు. రెండో ఏటికే మడి పలచబడుతుంది. ఆలస్యం చేస్తే కాడ ముదిరి ఆకు రాలుతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆ ఆకులోనే. కొడవలి నేలకు రెండు మూడంగుళాల పైన నడవాలి. కొత్త చిగుళ్లు మొదలు దగ్గరే పుడతాయి మరి. మొద్దుబారిన కొడవలి ఆ మొదళ్లను చీలుస్తుంది.

విత్తడంలోనూ ఇంతే ఓపిక కావాలి. గ్రాముకు అయిదు వందల దాకా గింజలుంటాయి. లోతుగా పడితే మొలక పైకి రాలేదు. అందుకే పైపైనే, సమంగా పడేలా ఇసుక కలిపి చల్లుతారు. కొత్త నేలైతే విత్తనానికి బెల్లం నీళ్లతో రైజోబియం బాక్టీరియాను పట్టిస్తారు. వేరు బుడిపెను చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించాలి, అంటే గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతున్నట్టే. యూరియా దట్టిస్తే ఆ బుడిపెలు బద్ధకిస్తాయి. విత్తనంతో పాటు బంగారు తీగ అనే పరాన్న కలుపు గింజ చొరబడితే మాత్రం మడికే ముప్పు. అది కనిపించిన చోట మొక్కల్ని కూడా కోసి కాల్చేసే రైతును నేను దుబారా మనిషి అనను.

లూసర్న్ భూసారం పెంచుతుందని కొంచెం అతిగానే చెబుతారు. మూడు నాలుగేళ్లకు దున్నేస్తే లోతైన వేళ్లు కుళ్లి, తర్వాతి జొన్నకో మొక్కజొన్నకో మేలు చేస్తాయి, నిజమే. కానీ కోసిన ప్రతి మోపుతో నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా పొలం దాటిపోతాయి. అవి పేడగా తిరిగొచ్చి పొలంలో పడితేనే లెక్క సరిపోతుంది. మంచి రైతు మడి పక్కనే పెంటకుప్ప ఉంటుంది. కొట్టంలో లేత గడ్డిని వడలబెట్టి, వరిగడ్డి కలిపి వేసే అలవాటూ ఉంటుంది. ఖాళీ కడుపుతో పచ్చిది మేస్తే గేదెకు కడుపుబ్బుతుంది.